కుర్చీ కోసం ఒక అర్జీ

ఈ అర్జీని కలెక్టరాఫీసుకి సోమవారం గ్రీవెన్సులో పట్టుకెళ్ళాల్సింది. తీరా కాగితం ముందు పెట్టుకున్నాక ఇది ఏ శాఖకి చెందుతుందో తేలలేదు. రెవెన్యూ కాదు, రోడ్లూ భవనాలూ కాదు. దేవాదాయానికి కొంత, సాంస్కృతికానికి కొంత, కరెంటువాళ్ళకి కాస్తా పంచి పెట్టొచ్చు గానీ, ముగ్గురూ 'మాది కాదు' అని రాసి తిప్పి పంపుతారు. ప్రతివాది ఎవరో కూడా తేలలేదు. నటులా, దర్శకులా, మా మేనల్లుడా, సాక్షాత్తూ కళామతల్లేనా? అంచేత పాఠక మహాశయుల ఎదటే దాఖలు చేసుకుంటున్నాను.

కోరిక మాత్రం చాలా చిన్నది. నేను ప్రేక్షకుణ్ణి. పుట్టుకతో ప్రేక్షకుణ్ణి. నాకో కుర్చీ కావాలి. అందులో నన్ను కూర్చోనివ్వాలి, ఎదట జరిగేది చూడనివ్వాలి, అయిపోయాక ఇంటికి పోనివ్వాలి. మధ్యలో చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళకూడదు. తిట్టకూడదు. నా మీద ఏదీ విసరకూడదు. చివర్లో 'మీకేమనిపించిందండీ' అని మైకు మూతి దగ్గర పెట్టకూడదు. చప్పట్లు కొడతాను, దానికి నాదీ పూచీ.

ఈపాటి కోరిక తీర్చే నాథుడు మూడు తరాలుగా మా వంశానికి దొరకలేదు.

మాది నెల్లిమర్ల. తెలియనివారి కోసం చెబుతున్నాను, విజయనగరం నుంచి పాలకొండ పోయే రోడ్డులో చంపావతి పక్కన జూట్ మిల్లున్న ఊరు. రామతీర్థం వెళ్ళేవాళ్ళంతా మా మీదుగానే వెళతారు, ఎవరూ దిగరు. అలాంటి ఊళ్ళో రిటైరైన గుమాస్తాకి కళల బాధేమిటని అడుగుతారేమో. బాధంతా విజయనగరం మరీ దగ్గర కావడంలో ఉంది. ఆటో ఎక్కితే అరగంట. అక్కడ పుట్టిన ప్రతి కళా అరగంటలో మా అరుగు మీదికొచ్చి కూర్చుంటుంది. నేను మాత్రం నిలబడతాను.

మా అప్ప కొడుకొకడున్నాడు. ఇంజనీరింగు చదివాడు, ఉద్యోగంలో చేరాడు, మానేశాడు, నాటకాల్లో పడ్డాడు. నాటకాల్లో పడడం మా జిల్లాకి కొత్త జబ్బేమీ కాదు. జె.వి. సోమయాజులు, రమణమూర్తి అన్నదమ్ములు విజయనగరం వీధుల్లో పెరిగి 'కన్యాశుల్కం' ఆడినవాళ్ళే. తమ్ముడు గిరీశం, అన్న రామప్పపంతులు. ఆ తరవాతే ఆ అన్న 'శంకరాభరణం' శంకరశాస్త్రి అయ్యాడు. వీడూ అలా ఏ శాస్త్రో అవుతాడని మా అప్ప ఆశ. కానీ వీడు పడ్డ నాటకాలు అవి కావు. వీడివి ప్రయోగాత్మకాలు. త్రిస్సూరులో అంతర్జాతీయ నాటకోత్సవానికి వెళతాడు, ఢిల్లీలో భారత్ రంగ్ మహోత్సవానికి వెళతాడు, తిరిగొచ్చి మా ఇంట్లో దిగి నాకు పాఠం చెబుతాడు.

"మావయ్యా, ఇప్పుడు స్టేజీ లేదు."

"పోన్లే."

"తెర లేదు."

"తెర ఎప్పుడూ సగంలో ఇరుక్కునేదేలే."

"కథా లేదు, డైలాగులూ లేవు."

"మరీ మంచిది నాయినా."

"కుర్చీలు కూడా తీసేశారు."

అక్కడే నాకు గుండెలో కలుక్కుమంది.

వాడు చెప్పిందాని సారాంశం ఇది. కలకత్తాలో బాదల్ సర్కార్ అని ఒకాయన ఉండేవాడు. ఆయనా ఇంజనీరేనట. ఈ ఇంజనీర్లకి నాటకాలతో ఏం పగో! 1970లలో ఆయన హాలూ తెరా లైట్లూ అన్నీ అవతల పారేసి, గదిలో జనం మధ్యనే నటులు తిరిగేలా నాటకాలాడించాడు. 'మిఛిల్' అని ఊరేగింపు మీదే ఒక నాటకం రాశాడు. దాని చివర చూసేవాళ్ళు కూడా లేచి ఊరేగింపులో కలిసిపోవాలి. బ్రెజిల్‌లో ఆగస్టో బోల్ అని మరొకాయన. ఆయన లెక్కలో ఊరికే చూసేవాడు సగం మనిషి కిందే లెక్క. వాణ్ణి లేపి నటుడి చోట నిలబెట్టి, నువ్వైతే ఏం చేస్తావో చేసి చూపించు అనాలి. ఇక ఆస్ట్రియా రచయిత పీటర్ హాండ్‌కే 1966లో రాసిన నాటకంలో కథా లేదు, పాత్రలూ లేవు. నలుగురు నటులొచ్చి ప్రేక్షకులతో ఏదేదో చెప్పి, ఆఖరికి వరసగా తిట్టిపోస్తారు. ఆయనకి 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ తిట్టే పని మా ఇంట్లో ఎవరూ టిక్కెట్టు పెట్టకుండానే చేస్తారు. బహుమతి మాట దేవుడెరుగు, తరవాత మంచినీళ్ళైనా ఇవ్వరు.

నేను ఓపిగ్గా విని, "ఒరే, ఇందులో మన సిరిమానులో లేనిది ఏటి చెప్పావురా?" అన్నాను. వాడు నోరు తెరిచాడు. మీరూ తెరవకండి, చెబుతాను.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా వెళ్ళిన మంగళవారం నాడు జరుగుతుంది. 2024లో అక్టోబరు 15న వచ్చింది. కానీ నాటకం మంగళవారం మొదలవదు. ఎన్నో రోజుల ముందే, ఎవరి కంటా పడకుండా, పూజారి కలలో మొదలవుతుంది. అమ్మవారు కలలో కనిపించి, చింతచెట్టు రూపంలో ఫలానా చోట ఉన్నానని చెబుతుందని నమ్మకం. పూజారి వెతుక్కుంటూ వెళ్ళి ఆ చెట్టుని గుర్తిస్తాడు. చెట్టు ఏ ఊళ్ళోనైనా ఉండొచ్చు, ఎవరి గట్టు మీదైనా ఉండొచ్చు. తెలిసిన ఘడియ నుంచీ పసుపూ కుంకాలూ, డప్పులూ, పక్క ఊళ్ళ నుంచి బళ్ళ మీద జనం. ఒక చెట్టు సిరిమానుకి, మరొకటి ఇరుసుమానుకి. పూజ చేసి, కొట్టి, హుకుంపేటలో పూజారి ఇంటికి తెచ్చి చెక్కుతారు. చెట్టు తమదైతే ఆ ఇంటివాళ్ళు మహాభాగ్యమనుకుంటారు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు.

మా పెరట్లో చింతచెట్టుంది. పండగ దగ్గరపడితే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టదు. భక్తి లేక కాదు, చెట్టు కావాలంటే సంతోషంగా ఇస్తాను. చెట్టు చూడ్డానికి వచ్చే జనానికి టీలెవరు కాస్తారన్నదే ప్రశ్న. మా ఆవిడ ధైర్యం చెబుతుంది. "మన చెట్టు వంకర, మన గుమ్మంలో ఏదీ తిన్నగా ఉండదు, మీరు పడుకోండి" అంటుంది. చెట్టు సంగతి నిశ్చింత. వంశం సంగతి మాత్రం రాత్రంతా ఆలోచిస్తాను.

సోమవారం తొలేళ్ళు. ఆ రాత్రి అమ్మవారి దగ్గర పెట్టిన విత్తనాల గింజలు రైతులు తీసుకెళ్ళి తమ విత్తనాల్లో కలుపుకుంటారు. మంగళవారం మధ్యాహ్నానికి మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఎటు చూసినా తలకాయలే. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ఇవన్నీ ముందు నడుస్తాయి. వల ఎందుకంటే అమ్మవారి విగ్రహం పెద్దచెరువులో దొరికింది, జాలర్లు తోడున్నారు, ఆ సంగతి మరిచిపోకూడదని. వాటి వెనకాల బండికి బిగించిన సిరిమాను. అరవై అడుగులకి అటూ ఇటూగా ఉన్న మాను కొసన చిన్న ఆసనం. ఆ ఆసనం మీద పూజారి.

ఇక్కడ నా వాదం మొదలవుతుంది, కాస్త శ్రద్ధగా వినాలి. లక్షల మంది జనం. నటులకీ ప్రేక్షకులకీ మధ్య గీత లేదు. రంగస్థలం గుడి నుంచి కోట దాకా ఉన్న రోడ్డు. అది చాలదన్నట్టు మూడుసార్లు తిరుగుతుంది. కథ అందరికీ ముందే తెలుసు. 1757లో బొబ్బిలి యుద్ధం, విజయరామరాజు మరణం, అన్న కోసం దుఃఖించి పైడితల్లి దేవతగా వెలియడం. సంభాషణలు అక్కర్లేదు. బాదల్ సర్కార్ పుట్టక ముందునుంచీ ఉన్న ఊరేగింపు ఇది. ఇన్ని లక్షల మందిలో కుర్చీలాంటిది ఉన్న మనిషి ఒక్కడే, ఆయన ఆకాశంలో ఉన్నాడు. ఆయన కూడా చూడ్డానికి కూర్చోలేదు, కనబడడానికి కూర్చున్నాడు! కోట బురుజు మీద రాజవంశీకులు, మేడల మీద పెద్ద మనుషులు కూడా ఆసనాల మీద ఉంటారన్న మాట నిజమే. వారి ప్రసక్తి ఈ అర్జీలో తేను. పైనవాళ్ళ కుర్చీల జోలికి పోయిన గుమాస్తా ఎవడూ బాగుపడలేదు.

మా తోడల్లుడి ఇల్లు ఆ దారిలోనే. ఏడాదంతా దాని వైపు కన్నెత్తి చూడని చుట్టాలు ఆ ఒక్క రోజు బొబ్బిలి నుంచి, రాజాం నుంచి, పార్వతీపురం నుంచి, ఆ పైన రాయగడ నుంచి కూడా దిగుతారు. డాబా నిండిపోతుంది. పిట్టగోడ మీద ఆడవాళ్ళు, మెట్ల మీద ముసలాళ్ళు, నీళ్ళ ట్యాంకు మీద గుంటలు. నాకు దొరికే చోటు ట్యాంకుకీ డిష్ యాంటెన్నాకీ మధ్య సందు. అక్కడ ఒంటికాలి మీద నిలబడతాను. రెండో కాలు ఎక్కడుందో సిరిమాను వెళ్ళాక వెతుక్కోవాలి. చేతిలో ఎవరిదో పసిపిల్ల. ఎవరిదని అడిగితే బావుండదని అడగను. కరెంటు తీసేస్తారు, మాను వైర్లకి తగలకూడదు కదా. ఫ్యాను గురించి బాధ లేదు, డాబా మీద ఫ్యానెక్కడిది. కింద ఫ్రిజ్‌లో నా పెరుగన్నం గురించే.

ఇంతలో "వచ్చేసింది, వచ్చేసింది" అని కేక. కింద జనం ఒక్కసారి చేతులెత్తుతారు. వీధి వీధంతా అరటిపళ్ళు గాల్లోకి లేస్తాయి. సిరిమాను మీదికి అరటిపళ్ళు విసిరి మొక్కు తీర్చుకోవడం ఆచారం. మొక్కుకున్నవారందరికీ గురి ఉంటుందని ఏ శాస్త్రంలోనూ లేదు. ఒకసారి చక్రకేళీ ఒకటి అమ్మవారి దిక్కుగా బయల్దేరి, దారిలో మనసు మార్చుకుని, నా కళ్ళజోడు కుడి అద్దం మీద వాలింది. తొక్క ఇటు, గుజ్జు అటు. అద్దం తుడుచుకుని చూసేసరికి సిరిమాను మలుపు తిరిగిపోయింది. ఆసనం కింద కట్టిన పూలదండ కొస మాత్రం కనిపించింది. "ప్రసాదం బావా, అదృష్టవంతుడివి" అన్నాడు తోడల్లుడు. పసిపిల్ల ఆ గుజ్జు నా చెంప మీంచి వేలితో తీసుకుని తినేసింది. ఆ పిల్లే ఆ రోజు నిజంగా లాభపడింది.

ఇదంతా విని మేనల్లుడు, "చూశావా మావయ్యా, నువ్వు అందులో పాత్రవైపోయావు. అదే కదా మేం చేద్దామనుకునేది!" అన్నాడు. నాయినా, నేను పాత్రని కావాలని ఎప్పుడు దరఖాస్తు పెట్టుకున్నాను? అమ్మవారు సరే, ఆవిడ కన్నతల్లి, అరటిపండేమిటి, గెల విసిరినా తలొంచుకుంటాను. ఊరు గాని ఊరు నుంచి వచ్చిన నాటకబృందానికి ఆ చనువెక్కడిది?

మా వంశంలో ఈ దుర్ఘటన నాతో మొదలు కాలేదు. మా తాతగారి హయాంలో సంక్రాంతి రోజుల్లో ఒకడు ఖాకీ నిక్కరు, తలపాగా, బిళ్ళ బంట్రోతు సమేతంగా వచ్చి, 'అమీను వచ్చాడు, జప్తు' అని గుమ్మంలో నిలబడ్డాడట. తాతగారు అటక ఎక్కారు. నాన్నమ్మ ఇత్తడి బిందెలు బావిలో దింపింది. అయ్యాక తెలిసింది, వాడు పగటి వేషగాడని. బిందెలు పైకి తియ్యడానికి మనుషుల్ని పెట్టాల్సి వచ్చింది. పైగా వేషం రక్తి కట్టిందని కుంచెడు బియ్యం ఇచ్చుకున్నారు. బోల్‌గారు దక్షిణ అమెరికాలో కనబడని నాటకం అని ఒకటి కనిపెట్టాడట. నటులు జనంలో కలిసి వ్యవహారం నడుపుతారు, అది నాటకమని చుట్టుపక్కలవాళ్ళకి తెలియనే తెలియదు. మావాళ్ళు దానికి బియ్యం ధర కూడా ఎప్పుడో కట్టేశారు.

తూర్పు భాగవతం చూడబోయినా అంతే. సత్యభామ జడ తిప్పుతూ వచ్చి ముందువరసలో ఎవడు అమాయకంగా కనిపిస్తే వాణ్ణి పట్టుకుంటుంది. ముఖం వల్ల నేను ఎప్పుడూ దొరికిపోతాను. తప్పెటగుళ్ళ వాళ్ళు కాస్త నయం. గుండె మీద తప్పెటలు వాయిస్తూ ఒకరి భుజాల మీద ఒకరెక్కి నిలబడతారు గానీ, నన్నెక్కమని అడగరు. మిల్లు లాకౌట్ రోజుల్లో గేటు ముందు వీధి నాటకాలు ఆడేవారు. అవి చూసి కళ్ళు చెమర్చినవాణ్ణి నేను, హాస్యమాడను. శ్రీకాకుళం ఉద్యమంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథని ఊరూరా పట్టుకెళ్ళిన నేల ఇది. ఆకలి మీద ఆడే నాటకాన్ని నిలబడి చూడాలంటే నిలబడే చూస్తాను. నా పేచీ కడుపు నిండినవాళ్ళు తీసేసిన కుర్చీల గురించి.

అలాగని ప్రయోగమంటేనే పడని మనిషి అనుకోకండి. 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' ఆడడమే పెద్ద ప్రయోగం. రాజులూ దేవతలూ పద్యాలూ ఏలుతున్న కాలంలో, కోటకి కూతవేటు దూరంలోని బొంకులదిబ్బ దగ్గర అప్పులవాళ్ళని తప్పించుకు తిరిగే ఒక మోసగాడితో, వాడుక మాటల్లో నాటకం మొదలెట్టారు గురజాడ. పుస్తకం 1897లో అచ్చయింది. 1909లో మళ్ళీ రాశారు. ఆ రెండో కూర్పుని ఒక్క మాట వదలకుండా ఆడితే గంటల తరబడి సాగుతుంది. నడుం గురించి గురజాడవారు ఆలోచించలేదన్నది నా చిన్న అభ్యంతరం. అయినా కుర్చీ తియ్యలేదు! నన్ను లేపి, నువ్వు లుబ్ధావధాన్లు వెయ్యి అనలేదు. కూర్చోబెట్టి, నవ్వించి, ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుంటే ఆ లుబ్ధావధాన్లు మా పెదతాతే అని తెలిసేట్టు చేశారు. లాక్కెళ్ళాల్సిన చోటికి కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే లాక్కెళ్ళారు.

వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామి 1940లలోనే ఎక్స్‌పెరిమెంటల్ థియేటర్ అని పేరు పెట్టి మరీ నాటకాలు ఆడించారు. అంటే ప్రయోగమనే మాట మా మేనల్లుడు రైల్లో మోసుకొచ్చిన సరుకు కాదు, వాడి తాత చదువుకునేనాటికే ఈ తీరాన దిగింది. ఇక సురభివారున్నారు. 1885లో కడప జిల్లా సురభిలో 'కీచక వధ'తో మొదలై, తరతరాలుగా కుటుంబాలు కుటుంబాలే నటిస్తూ వచ్చారు. వాళ్ళ 'మాయాబజార్'లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరిపోతుంటే ఇప్పటికీ నాకు నోరు ఊరుతుంది. అలాంటివాళ్ళ దగ్గరికి బి.వి. కారంత్ వచ్చి, బ్రెహ్ట్ నాటకాన్ని మన బస్తీకి దింపి, 'బస్తీ దేవత యాదమ్మ' ఆడించాడు. జర్మనీవాడి నాటకం, కన్నడిగుడి దర్శకత్వం, తెలుగు కుటుంబాల నటన. ఇంతకు మించిన ప్రయోగమేముంది? దానికెవరైనా కుర్చీ పీకేశారా?

ఈ ప్రశ్నకి మేనల్లుడి దగ్గర జవాబుంది. వాడి దగ్గర అన్నిటికీ జవాబుంటుంది, డబ్బుకి తప్ప. "మావయ్యా, కుర్చీయే కదా నీ బాధ. కుర్చీ కూడా కళే. మరీనా అబ్రమోవిచ్ అని ఒకావిడ 2010లో న్యూయార్క్‌లో పెద్ద మ్యూజియంలో కుర్చీలో కూర్చుంది. ఎదురుగా మరో కుర్చీ. వచ్చినవాళ్ళు అందులో కూర్చుని ఆవిడ కళ్ళలోకి చూడడం. మాటల్లేవు. నెలల తరబడి, మొత్తం 700 గంటలకి పైగా అలా కూర్చుంది. జనం ఏడ్చారు."

ఆ రాత్రి నాకు చాలా సేపు ఈర్ష్య పట్టుకుంది. 700 గంటలు కుర్చీలో కదలకుండా, ఎవరూ కరెంటు బిల్లు కట్టమనకుండా! సర్వీసులో ఉండగా ముప్పై ఏళ్ళకి పైగా నేను చేసింది అదే. ఎదురు కుర్చీలో వచ్చినవాళ్ళు కూర్చునేవారు, నా కళ్ళలోకి చూసేవారు, కొందరు ఏడ్చేవారు కూడా. కళ అని చెప్పినవాడు లేడు. మెమో ఇచ్చారు.

నా ముఖంలో ఆ ఈర్ష్యని వాడు కనిపెట్టినట్టున్నాడు. వారం తిరక్కుండా ప్రతిపాదన తెచ్చాడు. విజయనగరం ఉత్సవాలు జరిగే రోజుల్లో ఆనందగజపతి ఆడిటోరియంలో పాటలూ నృత్యాలూ ఎలాగూ ఉంటాయి, వాటికి పోటీగా కాకుండా, వేరేగా, తనూ తన స్నేహితులూ ఒక ప్రయోగం చేస్తారట. చోటు మా ఇల్లు. నటుడు నేను. "నువ్వేం చెయ్యక్కర్లేదు మావయ్యా. వరండాలో నీ కుర్చీలో కూర్చో. రోజూ సాయంత్రం ఏం చేస్తావో అదే చెయ్యి. జనం వచ్చి చూస్తారు."

ఒప్పుకున్నాను. కుర్చీ అన్న మాట వినబడగానే మిగతా షరతులు నా చెవికెక్కలేదు.

షామియానా సప్లయర్స్ నుంచి ప్లాస్టిక్ కుర్చీలు ఆటోలో దిగాయి. సంతోషించాను. దిగినవి దిగినట్టే దొంతర పెట్టి గోడకి చేర్చేశారు. అవి కూర్చోడానికి కాదట, ప్రేక్షకులకి కుర్చీ ఉండి కూడా కూర్చోలేకపోవడం అన్న భావన కలగాలట. హైదరాబాదు నుంచీ విశాఖపట్నం నుంచీ గడ్డాలూ జోలె సంచీలూ వచ్చి, మా వాకిట్లో చెప్పులు విప్పి, పెరటి గుమ్మం దాకా నిలబడ్డాయి. నేను కూర్చున్నాను. పేపరు చదివాను. కళ్ళజోడు కనిపించక లేచి వెతుక్కుని, నెత్తి మీద దొరికితే మళ్ళీ కూర్చున్నాను. నిట్టూర్పులు వినిపించాయి. వీధిలోంచి పక్కింటాయన, "ఏటి మాష్టారూ, ఎవరైనా పోయారేటి?" అని అడిగాడు. అది కూడా రాసుకున్నారు. లోపల్నుంచి మా ఆవిడ "గ్యాసు సిలిండరు మారుస్తారా, నేనే చావనా" అంది. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

నేను లేచి సిలిండరు మార్చాను. అందరూ వంటింట్లోకి వచ్చారు. మా ఆవిడ జీవితంలో మొదటిసారి అంతమంది ఆవిడ వంటిల్లు చూశారు, తోమని గిన్నెలతో సహా. ఆ గిన్నెల ముందు ఒకాయన చాలా సేపు నిలబడ్డాడు. దాని సంగతి ఆవిడ నాతో ఇప్పటికీ తేల్చుకుంటూనే ఉంది.

అయ్యాక ముఖాముఖి. నేను ముందే వద్దన్న ఆ మైకు రానే వచ్చింది, ఈసారి నా మూతి దగ్గరికే. "మీరు మధ్యలో బీరువా తాళాలు తీసి, చూసి, మళ్ళీ మొలలో దోపుకున్నారు. అది దేనికి ప్రతీక?" అని అడిగాడొక గడ్డం. బీరువాకి అన్నాను. పెద్ద చప్పట్లు. ఆనందం వెయ్యలేదంటే అబద్ధం. కానీ గమనించండి, ఆ చప్పట్లు కొట్టాల్సినవాణ్ణి నేను. పుట్టినప్పటినుంచి కొడుతున్నవాణ్ణి. నా ఉద్యోగం ఎవరో లాగేసుకుని, తమ ఉద్యోగం నాకంటగట్టారు. జీతం అడిగితే స్వతంత్ర నాటకరంగంలో జీతాలుండవన్నాడు మేనల్లుడు. కనీసం వచ్చినవాళ్ళకి టీ ఎవరిస్తారంటే, "అత్తా!" అని కేకేశాడు.

తెల్లారి సప్లయర్స్ కుర్రాడొచ్చి కుర్చీలు లెక్కపెట్టుకున్నాడు. ఒకటి తగ్గింది. మళ్ళీ లెక్కపెట్టాడు, మళ్ళీ తగ్గింది. మేనల్లుడు అప్పటికే మొదటి బస్సుకి వెళ్ళిపోయాడు. అందులో ఒక్కదానిలోనూ ఎవరూ కూర్చోలేదని, దొంతర కదిలించనే లేదని, అది భావన అని కుర్రాడికి చెప్పి చూశాను. "భావన అయితే అయింది గానీ బాబూ, కుర్చీ డబ్బులు కట్టీయండి" అన్నాడు. కట్టాను. రసీదు ఉంది, ఈ అర్జీకి జతపరిచాను.

కుర్చీ ఎర్రటిది. ఎడమ చేతికింద చిన్న చీలిక, వీపు మీద తెల్ల పెయింటుతో సప్లయర్స్ వాడి నంబరు సగం చెరిగిపోయి ఉంది. నెల్లిమర్లలో గానీ, ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో గానీ, ఎవరి వాకిట్లోనైనా కనిపిస్తే దయచేసి కబురు పెట్టండి. డబ్బు కట్టాను కాబట్టి చట్టప్రకారం అది నాది. ఇప్పటికే ఎవరైనా అందులో కూర్చుని ఉంటే లేపమని అడగను. వారు లేచేదాకా పక్కన నిలబడతాను, నాకు అలవాటే.